సింగపూర్ రేసు: 31 డిగ్రీలకే అంత రాద్ధాంతమా? (కర్నూలు నుంచి ఒక డౌటు)

బురుజు_కింద_బుల్లెట్ (కర్నూలు):

అందరికీ నమస్తే. మా అక్కావాళ్లు సింగపూర్‌లో ఉంటారు. 2026 అక్టోబర్‌లో జరిగే ఫార్ములా 1 (ఎఫ్1) కార్ల రేసుకు బావ నాకూ కలిపి టికెట్లు తీశాడు. వాకబౌట్ టికెట్ అంట, అంటే సీటు ఉండదు, కంచె పక్కన ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడి చూసుకోవడమే. పదేళ్లకు పైగా టీవీలోనూ ఫోన్లోనూ చూస్తున్నోణ్ణి, మొదటిసారి కళ్లారా చూడబోతున్నా. ఇంకా నాలుగైదు నెలలుంది, అయినా ఇప్పట్నుంచే నిద్ర పట్టట్లేదు. పైగా ఈసారి శనివారం స్ప్రింట్ (చిన్న రేసు) కూడా పెట్టారు, సింగపూర్‌లో స్ప్రింట్ ఇదే మొదలు.

ఇక డౌటు. 2025లో సింగపూర్ రేసుకు ముందు ఎఫ్ఐఏ (ఈ రేసులకు రూల్స్ పెట్టే సంస్థ) వాళ్లు 'హీట్ హజార్డ్', అంటే వేడి ముప్పు అని ప్రకటించారు కదా, ఆ రూలు కింద మొట్టమొదట ప్రకటించింది అక్కడే. 31 డిగ్రీలు దాటుతుందని అంచనా ఉంటే చాలంట. ఈ ముక్క మొన్న మా వీధి మెకానిక్ షాపులో చెబితే అక్కడున్న నలుగురూ పగలబడి నవ్వారు. ఆ రోజు మా దగ్గర 43. బండి సీటు మీద చెయ్యి పెడితే కాలింది, నేను దాని మీదే కూర్చుని కల్లూరు దాకా పోయొచ్చా. మాకు 31 అంటే దసరా సెలవుల చలి. పైగా అది రాత్రి రేసు, ఎండే ఉండదు! మరి అంత ఫిట్‌గా ఉండే డ్రైవర్లు కారు దిగేసరికి అట్లా వేలాడిపోతారెందుకు? నిజంగా అంత కష్టమా, లేక టీవీ వాళ్లు కొంచెం ఎక్కువ చేసి చూపిస్తారా?

ఇంకోటి, నేను అక్కడికి పోయేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పండి. అమ్మ ఇప్పటికే గొడుగు, గ్లూకోజ్ పాకెట్లు, ఊరగాయ పక్కన పెట్టేసింది.


కూలర్_గడ్డి (అనంతపురం):

తమ్ముడూ, నాకు డాక్టరీ తెలీదు గానీ కూలర్ల షాపు మాత్రం ఉంది, కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు నేనే చెప్పాలి.

మూడేళ్ల కిందట ఒకాయన నా దగ్గర పెద్ద కూలర్ కొని నెల్లూరులో ఉండే కూతురికి పంపించాడు. వారానికి ఫోన్ చేసి ఒకటే తిట్లు. పాడైపోయిన సరుకు అంటగట్టావు, గాలి చల్లగా రావట్లేదు, పైగా మంచం మీద దుప్పట్లు తడిగా ఉంటున్నాయి అని. నేనేం మోసం చెయ్యలేదు. అదే కూలర్ ఆయన ఇంట్లో, ఇక్కడ, మే నెలలో పెడితే దుప్పటి కప్పుకోవాల్సి వస్తుంది. కూలర్ చల్లబరిచేది నీళ్లతో కాదు, నీళ్లు ఆరిపోవడంతో. గడ్డి మీద నీళ్లు ఆవిరయ్యేటప్పుడు గాలిలో వేడిని లాక్కుంటాయి. మన దగ్గర గాలి ఎండి ఉంటుంది కాబట్టి గటగటా తాగేస్తుంది. సముద్రం పక్క ఊళ్లలో గాలి అప్పటికే తడి గుడ్డలా ఉంటుంది, ఇంకేం తాగుతుంది? మట్టి కుండ కూడా అంతే, వానాకాలంలో ముసురు పట్టినప్పుడు కుండ నీళ్లు తాగి చూడు.

ఒంటికి చెమటే కూలర్. 43లో నువ్వు కల్లూరు పోయొస్తే చొక్కా మీద ఉప్పు చారలు ఉంటాయి చూడు, అంటే చెమట పట్టింది, ఆరింది, ఒళ్లు చల్లబడింది. నీకు చెమట పట్టినట్టే తెలీదు. సింగపూర్ భూమధ్యరేఖకు ఒక డిగ్రీ పైన, చుట్టూ సముద్రం. రాత్రి ఎండ ఉండదన్న మాట నిజమే, కానీ రాత్రయ్యేకొద్దీ తేమ పెరుగుతుంది. చెమట కారుతుంది, ఆరదు. ఆరని చెమట ఒట్టి నీళ్ల నష్టమే, చల్లదనం సున్నా.

ఇంకో చిన్న సవరణ. ఆ 31 థర్మామీటర్‌లో కనబడే డిగ్రీ కాదు, గాలిలో తేమ కూడా కలిపి లెక్కేసే హీట్ ఇండెక్స్. ఆ లెక్కన మన 43 కూడా ఎప్పుడో దాటేస్తుందిలే, మన ఎండను నేను తక్కువ చెయ్యట్లేదు.


గేర్_లేని_గుర్రం (ప్రొద్దుటూరు):

కూలర్ అన్న చెప్పింది సరే. దాని మీద డ్రైవర్ వేసుకునే బట్టలు కూడా కలుపుకోండి. మంటలంటుకోని నోమెక్స్ సూట్ రెండు మూడు పొరలు, లోపల మళ్లీ అదే గుడ్డతో నిండు చేతుల బనియన్, కాళ్లకు ప్యాంటు, మేజోళ్లు, తలకు ముసుగు, దాని మీద హెల్మెట్, చేతులకు గ్లౌజులు. వెనకాల ఇంజిన్, చుట్టూ ఎలక్ట్రానిక్ పెట్టెలు. కాక్‌పిట్‌లో 50 డిగ్రీలు దాటుతుంది. అందులో దాదాపు గంటా ముప్పావు, 62 ల్యాపులు (ట్రాక్ చుట్టూ 62 సార్లు), మలుపులు 19, పక్కనే గోడ. రేసు అయ్యేసరికి మూడు కిలోల దాకా బరువు తగ్గుతారు, అది కొవ్వు కాదు, నీళ్లే. తాగడానికి ట్యూబ్ ఉంటుంది గానీ పది ల్యాపులకే ఆ నీళ్లు టీ అయిపోతాయని డ్రైవర్లే చెబుతారు.

టీవీ వాళ్లు ఎక్కువ చేస్తారా అన్నావు కదా, 2023 ఖతార్ రేసు హైలైట్స్ చూడు. అదీ రాత్రి రేసే. ఓకాన్ హెల్మెట్లోనే వాంతి చేసుకున్నాడు, అయినా కారు ఆపకుండా ఏడో స్థానంలో ముగించాడు. సార్జెంట్ మధ్యలోనే తప్పుకున్నాడు. స్ట్రోల్ మలుపుల్లో కళ్లు తిరిగి చీకట్లు కమ్మాయన్నాడు. సీటు కాలిపోతోంది, పిట్‌కి (టైర్లు మార్చే చోటుకి) వచ్చినప్పుడు మీద నీళ్లు పోస్తారా అని అలోన్సో రేడియోలో అడిగాడు, వేరే ఎవరో కాదు, రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అలోన్సో! ఆ రోజు టైర్లకు భద్రత లేదని ఒక్కో సెట్ 18 ల్యాపులకు మించి వాడొద్దన్నారు, దాంతో అందరూ మూడుసార్లు పిట్‌కి రావాల్సి వచ్చింది, టైర్లు దాచుకునే పనే లేదు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా పూర్తి వేగంతో తోలారు. వేడికి అది తోడైంది. ఈ హీట్ హజార్డ్ రూలు, లోపల సన్న గొట్టాల్లో చల్లటి ద్రవం తిరిగే ఆ కూలింగ్ వెస్ట్, అన్నీ ఆ రాత్రి తర్వాత ఎఫ్1లోకి వచ్చినవే.


పాతకాలపోడు (కడప):

నాకైతే ఆ వెస్టులు నచ్చలేదు. వేడిని తట్టుకోవడం కూడా డ్రైవర్ పనితనంలో భాగమే కదా. ఏడాదంతా ఆవిరి గదుల్లో కూర్చుని ఒళ్లు అలవాటు చేసుకున్నోడికీ, చేసుకోనోడికీ తేడా ఉండాలా వద్దా? వెర్‌స్టాపెన్ కూడా దాని మీద ఇష్టం లేదనే చెప్పాడు. వెనకటి రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?


గేర్_లేని_గుర్రం (ప్రొద్దుటూరు):

ఉన్నాయి పెద్దాయనా :) 1984 జూలైలో అమెరికాలోని డాలస్‌లో రేసు పెట్టారు. ఎండకు రోడ్డే పెళ్లలు పెళ్లలుగా లేచిపోయింది. మాన్సెల్ కారు గేర్‌బాక్స్ చివర్లో చెడిపోతే దిగి గీత దాకా తోసుకుంటూ పోబోయి అక్కడే సొమ్మసిల్లి పడిపోయాడు. మరి గెలిచిందెవరు? కెకె రోస్‌బర్గ్. హెల్మెట్ కింద నీళ్లు తిరిగే చల్లటి టోపీ పెట్టుకుని వచ్చాడు! కాబట్టి మీ వెనకటి రోజుల్లోనూ తెలివైనోడు టోపీ పెట్టాడు, మిగతావాళ్లు ఎండ తిన్నారు.

2025లో వెస్ట్ వేసుకోవాలా వద్దా అన్నది డ్రైవర్ ఇష్టానికే వదిలేశారు. వేసుకోనోడికి లాభం రాకుండా కారులో అంత బరువూ పెట్టించారు. ఆ రేసు గెలిచిన రస్సెల్‌కు వెస్ట్ అంటే ఇష్టం, రెండోది వచ్చింది వెర్‌స్టాపెన్. దీన్నిబట్టి ఏదో తేలిపోయిందని నేననను, రస్సెల్ పోల్ నుంచే, అంటే అందరికంటే ముందు నుంచే మొదలుపెట్టాడు మరి.


రేడియేటర్_రాజా (గుంతకల్లు):

అందరూ మనిషి గురించే మాట్లాడుతున్నారు, కారు సంగతి ఎవరికీ పట్టలేదు. నేను లారీల రేడియేటర్ పని చేస్తా. ఆత్మకూరు నుంచి దోర్నాల ఘాట్ ఎక్కేటప్పుడు పాత లారీల డ్రైవర్లు ఎండాకాలం బానెట్ కొంచెం లేపి కట్టేసేవాళ్లు, లోపలి వేడి బయటికి పోవాలని. ఎఫ్1 కార్లో కూడా అదే పని, కాకపోతే దానికి కోట్లు ఖర్చు పెడతారు. సింగపూర్ వచ్చేసరికి చూడండి, కారు పక్కల చేప మొప్పల్లాగా చీలికలు ఎక్కువ కనబడతాయి, వెనక భాగం వెడల్పుగా తెరిచి పెడతారు. ఎంత తెరిస్తే గాలి అంత అడ్డుకుంటుంది, వేగం తగ్గుతుంది. మూసి ఉంచితే ఇంజిన్ ఉడుకుతుంది. గాలికీ లోపలి నీటికీ వేడిలో తేడా ఎంత ఉంటే రేడియేటర్ అంత పని చేస్తుంది, బయటి గాలే వేడిగా ఉంటే ఆ తేడా తగ్గిపోతుంది, అంతే లెక్క.

బ్రేకులు ఇంకో తలనొప్పి. పొడుగు రోడ్డు ఉంటే మధ్యలో గాలి తగిలి చల్లబడతాయి. ఇక్కడ మలుపు, తొక్కు, మళ్లీ మలుపు. శుక్రవారం ప్రాక్టీసులో ఎవరి కారుకు చీలికలు ఎక్కువున్నాయో చూసుకో తమ్ముడూ, కంచె పక్కనే నిలబడతావు కాబట్టి టీవీలో కంటే బాగా కనబడుతుంది. 2026 కార్లన్నీ కొత్తవి, దాదాపు సగం బలం కరెంటుదే, ఆ బ్యాటరీలను ఆ వేడిలో ఎట్లా కాపాడుకుంటారో చూడాలని నాకు మహా కుతూహలంగా ఉంది. ఫొటోలు తీసి ఇక్కడ పెట్టు.


పెన్నా_టు_మెరీనా (ఊరు కడప, ఉండేది సింగపూర్):

ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్లు, రేసు మూడుసార్లు చూశా. మొదటిసారి నువ్వన్నట్టే అన్నా, మాది కడప, మాకు ఎండ చెబుతారా అని. సాయంత్రం ఆరింటికి లోపలికి పోయా, ఏడున్నరకు చొక్కా పిండితే నీళ్లు కారాయి, తొమ్మిదింటికి తల దిమ్మెక్కి మెట్ల మీద కూలబడ్డా. పక్కన ఒక చైనా పెద్దావిడ తన చేతిలో ఉన్న చిన్న బ్యాటరీ ఫ్యాన్ నాకిచ్చి, తను కాగితంతో విసురుకుంది. ఆ ఫ్యాన్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, తిరిగిద్దామంటే జనంలో ఆమె కనబడలేదు.

కాబట్టి పని జరిగే మాటలు చెబుతా. జీన్స్ వద్దు, పల్చటి చొక్కా, ఇంకో చొక్కా సంచిలో. గొడుగు అమ్మ దగ్గరే వదిలెయ్, జనంలో తెరిస్తే వెనకాల వాళ్లు ఊరుకోరు, వానకు పల్చటి ప్లాస్టిక్ కోటు చాలు. వాన మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, 2022లో వాన వల్ల రేసు గంటకు పైగా ఆలస్యంగా మొదలైంది, చివరికి రెండు గంటల గడువు అయిపోయి రెండు ల్యాపులు తగ్గించారు. కాళ్లకు నడిచి నడిచి అలవాటైన బూట్లు వేసుకో, కొత్తవి కొనొద్దు. గ్లూకోజ్ కంటే ఉప్పు కలిసిన ఓఆర్ఎస్ నయం, దాహం వేసే దాకా ఆగకుండా కొంచెం కొంచెం తాగుతూ ఉండు. లోపలికి ఏవి తీసుకెళ్లనిస్తారో టికెట్ మీద రూల్స్ చదువుకో.

సిటీ హాల్, ఎస్ప్లనేడ్, ప్రొమెనేడ్, ఈ మూడు స్టేషన్లూ ట్రాక్‌కు దగ్గరే, మీ గేటు ఏదో బావను ముందే చూసుకోమను, లేకపోతే ట్రాక్ చుట్టూ తిరగడానికే ఓపిక అయిపోతుంది. రేసు ఇన్నేళ్లుగా ఇక్కడి టైము రాత్రి 8కి, అంటే ఊళ్లో మనవాళ్లు సాయంత్రం ఐదున్నరకు టీవీ పెట్టుకోవచ్చు. ఊరగాయ మాత్రం తీసుకురా, దాని గురించి ఎవరు ఏమన్నా వినొద్దు.


నన్నారి_సోడా (నంద్యాల):

వేడి కారు డ్రైవర్లనే దెబ్బ తీస్తుందని అనుకోవద్దు, బైకు తోలేవాళ్లకూ చూసేవాళ్లకూ అంతే. 2023 సెప్టెంబర్‌లో మోటోజీపీ (బైకుల రేసు) చూడటానికి గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌కు పోయా. ఆ వేడికి భయపడి 24 ల్యాపుల రేసును ముందే 21కి తగ్గించారు. అయినా రెండోది వచ్చిన హోర్హె మార్టిన్ బండి దిగగానే ఒంట్లో నీళ్లు లేక కుప్పకూలిపోయాడు, నేల మీద కూర్చోబెట్టి నీళ్లు పోశారు. మేము స్టాండ్‌లో తాగే నీళ్ల కోసం అరగంట క్యూలో నిలబడ్డాం, మా వంతు వచ్చేసరికి గెలిచిన బెజెక్కి జెండా దాటేశాడు. మూడువేల కిలోమీటర్లు పోనూ రానూ తిరిగి చివరి ల్యాపు స్పీకర్లో విన్నానంటే నమ్ముతారా. కాబట్టి పెన్నా అన్న చెప్పినట్టు నీళ్ల సంగతి ముందు చూసుకో, రేసు తర్వాత.


బురుజు_కింద_బుల్లెట్ (కర్నూలు):

అందరికీ థ్యాంక్స్. నిన్న రాత్రి అంతా చదివి కూడా మా మెకానిక్ షాపు బ్యాచ్ ఒప్పుకోలేదు, కూలర్ అమ్ముకునేవాడు అట్లాగే చెబుతాడు అన్నారు (కూలర్ అన్నా, మన్నించు). సరే తేల్చుకుందామని ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి నేను రెయిన్‌కోటు వేసుకున్నా, పైనా కిందా రెండూ, మెడ దాకా జిప్పు, చేతులకు గ్లౌజులు, హెల్మెట్ అద్దం మూసి. పందెం ఏమంటే నంద్యాల చెక్‌పోస్ట్ దాకా బుల్లెట్ మీద పోయి రావాలి.

రాజ్‌విహార్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. గాలి ఆగింది. అంతే. వీపు మీద చెమట వాగులా దిగి నడుము దగ్గర ఆగిపోతోంది, పోవడానికి దారి లేదు. హెల్మెట్ అద్దం లోపల ఆవిరి పట్టి ముందున్న ఆటో నంబర్ కనబడలేదు. గుండె కొట్టుకునేది చెవుల్లో వినబడుతోంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ దగ్గరికొచ్చి "ఏం నాయనా, యాడ పడింది వాన?" అన్నాడు. జవాబు చెప్పే ఓపిక లేదు. బండి పక్కకు తీసి జిప్పు లాగేశా, పక్క బండి మీద రెండు గ్లాసుల నన్నారి తాగాక గానీ మనిషిని కాలేదు. చెక్‌పోస్ట్ ఇంకా చానా దూరం ఉంది.

పందెం ఓడిపోయా, ఉగ్గాని బజ్జీలు నలుగురికీ నేనే పెట్టించాలి. పెన్నా అన్నా, ఆ చిన్న బ్యాటరీ ఫ్యాన్లు అక్కడ ఎంతుంటాయి? రెండు కావాలి, బావకు ఒకటి.


పెన్నా_టు_మెరీనా (ఊరు కడప, ఉండేది సింగపూర్):

కొనొద్దు, నా దగ్గరున్నది ఇస్తా. ఊరగాయ ఏది తెస్తున్నావు, ఆవకాయా, గోంగూరా?