సంతలో కొన్న కోడిని నేరుగా గూట్లో వదలొచ్చా?

చంద్రగిరి_పెరడు:
మా ఇంట్లో తొమ్మిది నాటుకోళ్లు ఉండేవి. పొద్దున గంప ఎత్తితే పెరడంతా తిరిగి, దీపాల వేళకు వాటంతట అవే వచ్చేసేవి. పోయిన నెల సంతలో ఒక పెట్టను కొని, ఆ సాయంత్రమే వాటితో పాటు గూట్లోకి తోశాను. వారం తిరక్కుండా ఆ పెట్టతో పాటు పాతవాటిలో ఆరు పోయాయి. పచ్చగా రెట్ట వేసేవి, మెడ వెనక్కి మెలి తిరిగిపోయేది. ఒకటైతే నీళ్ల మూకుడు చుట్టూ గిరగిరా తిరిగి పడిపోయింది. మిగిలిన మూడింటికి ఏం చేయాలి?

పాకాల_అన్న:
చూడబోతే కొక్కెర తెగులే. వైరస్ కాబట్టి, వచ్చాక మందు లేదు. చచ్చినవాటిని కాలవలో పారేయలేదు కదా? లోతుగా గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. మిగిలినవాటిని పశువుల డాక్టరుకు చూపించండి. ఇకమీదట కొత్త కోడి ఎంత హుషారుగా ఉన్నా రెండు మూడు వారాలు వేరే గంప, వేరే మూకుడు. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. కోడిపిల్లలకు మొదటి వారంలో కంట్లో, ముక్కులో ఈ తెగులుకు వేసే లసోటా టీకా చుక్కలు వేయాలి, ఎనిమిదో వారంలో రెక్క కింద టీకా సూది. నేను టీకాను ఐసు ముక్కలు వేసిన టీ ఫ్లాస్కులో తెచ్చుకుంటాను. కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అందుకే మా వీధిలో నాలుగు ఇళ్లవాళ్లం ఒకే రోజు వేయిస్తాం.

తిరుచానూరు_అక్క:
ఆ పెట్టను ఎలా తెచ్చావు తమ్ముడూ? స్కూటర్ హ్యాండిల్‌కి తలకిందులుగా వేలాడదీసి కాదు కదా? మూగజీవాలను అలా బాధపెట్టి తీసుకెళ్లడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. చిల్లులు పెట్టిన అట్టపెట్టె చాలు.

సంతలో నాకు బాగా బుద్ధొచ్చిన సంగతి ఒకటి చెబుతా. ఒక అవ్వ దగ్గర పుంజును అడక్కుండానే పట్టుకుని రెక్కలెత్తి చూశాను. "అడిగితే నేనే చూపిస్తా గదమ్మా. ఆ చేత్తో ఇంకెన్ని కోళ్లను ముట్టుకొని వచ్చినావో!" అంది. తల కొట్టేసినట్టయింది. తెగులు చేతులకు, చెప్పులకు అంటుకుని కూడా వస్తుంది మరి. ఇప్పుడు ముందు అడుగుతాను, బేరం ఒక్కసారే ఆడతాను. కాళ్లు కట్టించాక మళ్లీ పది తగ్గించమంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

కుక్కతో_తిప్పలు:
మా కుక్క పక్కింటి కోడిపిల్లను నోట కరుచుకొచ్చింది. పిల్లకు వెల కట్టి ఇచ్చాను గానీ, అది పెరిగి పెట్టబోయే గుడ్ల లెక్క కూడా వినాల్సి వచ్చింది! తప్పు నాదే, గేటు వేయలేదు. ఇప్పుడు కోళ్లు తిరిగే వేళ గొలుసు వేసి ఉంచుతున్నా. రేబిస్ టీకా ఏటా వేయిస్తా. అయినా సరే, అది కరిస్తే పావుగంట సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందేనని ఇంట్లో అందరికీ చెప్పి ఉంచా.

చంద్రగిరి_పెరడు:
అక్కా, హ్యాండిల్‌కే కట్టి తెచ్చాను, దాచను. డాక్టరుకు చూపించాను, మూడూ తింటున్నాయి. వాటిలో ఒకటి పొదుగుకొచ్చింది. ఇప్పుడు దాని కింద పొదగడానికి గుడ్లు పెట్టొద్దని డాక్టరు చెప్పారు. అది మాత్రం ఖాళీ గంపలోనే కూర్చుని, దగ్గరికి పోతే పొడుస్తోంది.

పాకాల_అన్న:
పొదుగు మానాలంటే గంపను చల్లగా ఉండే నీళ్ల తొట్టి పక్కకు మార్చి చూడండి.