నవంబర్ వచ్చింది, సీతాకోకచిలుక ప్యూపా ఇంకా విచ్చలేదు. ఇది మెక్సికో చేరుతుందా?

ఆస్టిన్_సుధ: వరండా రెయిలింగ్‌కి మోనార్క్ ప్యూపా వేలాడుతోంది, చలికాలానికి మెక్సికో వలసపోయే సీతాకోకచిలుక ఇది. ఇవాళ్టికి 12 రోజులు. పచ్చటి దాని మీద బంగారు చుక్కలు అలాగే ఉన్నాయి. రాత్రిళ్లు చలి. లోపలికి తేవాలా?

మొక్కలపిచ్చి: వాటి గొంగళిపురుగులు తినే మొక్క, మీది ఎర్రపూల ట్రాపికల్ మిల్క్‌వీడే కదా? నాకు పోయినేడు 9 పుడితే 6 ముడతల రెక్కలతో నేల మీదే పాకాయి. ఓఈ అనే పరాన్నజీవి. చలికాలంలోనూ పచ్చగా ఉండే ఆ మొక్క మీదే పేరుకుంటుంది. ఆ ఆరింటినీ నా చేత్తో ఫ్రీజర్‌లో పెట్టాను. మొదలంటా నరికేయండి.

ఆస్టిన్_సుధ: నేనడిగింది మొక్క గురించి కాదండీ.

తోటరావు: నరకమనడం తేలిక! దాని మీద ఇప్పుడు 20 గొంగళిపురుగులున్నాయి. వాటికి ముద్దపప్పు పెట్టనా?

మొక్కలపిచ్చి: అందుకే ఇక్కడి నేటివ్ మిల్క్‌వీడ్‌లు వేయమనేది. చలికి వాటంతటవే ఎండిపోతాయి.

తోటరావు: రెండేళ్లు వేశా, ఒక్క గింజా మొలవలేదు.

మొక్కలపిచ్చి: తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టారా? లేదు కదా. మరి నన్నెందుకు అంటారు?

గుంటూరోడు: ఇవి మా ఊళ్లో జిల్లేడు మీద బోలెడు. మెక్సికో దాకా ఎందుకు?

కీటకాల_ఎమ్మెస్సీ: బాబూ, అది ప్లెయిన్ టైగర్, దీని చుట్టం. మోనార్క్‌కి రెక్కంతా నల్లటి ఈనెలు గీసినట్టుంటాయి. ఎంటమాలజీ చదివినవాణ్ణి, చెబుతున్నా.

గుంటూరోడు: హవాయిలో మోనార్క్‌లు జిల్లేడే తింటాయిగా సార్. అది సిలబస్‌లో లేదా?

కీటకాల_ఎమ్మెస్సీ: తింటాయి. తినవని నేనన్నానా?

హ్యూస్టన్_లక్ష్మి: జిల్లేడంటే గుర్తొచ్చింది, రథసప్తమికి ఆకులు ఇక్కడ ఎవరి దగ్గరైనా దొరుకుతాయా?

డాలస్_ప్రసాద్: మేం ఫిబ్రవరిలో మెక్సికోలో ఇవి చలికాలం గడిపే మిచోవకాన్ వెళ్లాం. ఎల్ రొసారియోలో గుర్రమెక్కి కొండెక్కాలి, 3,000 మీటర్ల ఎత్తు, మా ఆవిడకి ఆయాసం. ఫర్ చెట్ల కొమ్మలు సీతాకోకల బరువుకి ఒంగిపోయాయి. ఎండ పడగానే ఒక్కసారి లేచాయి, సన్నటి వాన చప్పుడు. వసంతంలో అక్కణ్ణించి బయల్దేరిన వాటి మునిమనవలు మళ్లీ ఆ కొండకే వస్తాయట. వేసవివి నెలా నెలన్నరకే పోతాయి, ఈ చలికాలపువి మాత్రం 8 నెలలు బతుకుతాయి.

కీటకాల_ఎమ్మెస్సీ: సుధగారూ, 13 డిగ్రీల లోపు అవి ఎగరలేవు. విచ్చాక ఎండ చూసి వదలండి.

ఆస్టిన్_సుధ: హమ్మయ్య, ఒక్కరన్నా చెప్పారు. పొద్దున్నే నల్లబడింది, పైపొరలోంచి నారింజ రంగు రెక్క కనిపిస్తోంది.

మొక్కలపిచ్చి: ట్రాపికల్ మీద పెరిగిందేగా. రెక్కలు విప్పాక ఫొటో పెట్టండి, చూద్దాం.