పార్టీకి మెయిన్ డిషెస్ అన్నీ చల్లనివే పెడితే తప్పా?

గరిటె పక్కన పెట్టేశా:
వచ్చే శనివారం సాయంత్రం మా ఇంట్లో పార్టీ, పాతిక మంది వస్తారు. పోయినసారి మొత్తం స్టవ్ దగ్గరే సరిపోయింది, వచ్చినవాళ్లలో సగం మందితో మాట్లాడనే లేదు, ఫోటోల్లో కూడా ఎక్కడా లేను. అందుకే ఈసారి అన్నీ ముందురోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తా, సాయంత్రం 6 దాటాక స్టవ్ వెలిగించను అని తేల్చి చెప్పేశా. స్టార్టర్లు, డెజర్ట్ చల్లగా ఉంటే ఎవరూ ఏమీ అనరు కదా, అసలు భోజనం చల్లగా అనేసరికి మా ఆయన "పిలిచి మరీ చద్ది పెడతావా" అంటున్నారు. అత్తయ్య ఏమీ అనలేదు, అది ఇంకా టెన్షన్. నా లిస్ట్: రోస్ట్ చికెన్, వెన్నలో వేయించిన రొయ్యలు, పాస్తా సలాడ్, రైస్ సలాడ్, బంగాళాదుంప సలాడ్. మొహమాటం లేకుండా చెప్పండి.

నాలుకకి ఎముక లేదు:
మొహమాటం లేకుండా అన్నారు కాబట్టి, మీ ఆయన మాటే కరెక్ట్. భోజనానికి పిలిచాక గుమ్మంలోకి రాగానే వాసన రావాలి, ఆ వాసనకే సగం ఆకలి పుడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసినదానికి వాసన ఎక్కడిది? ఒకసారి ఇలాంటి పార్టీకే వెళ్లాను, అన్నీ అందంగా పేర్చారు, తింటుంటే మాత్రం ఎవరో తినగా మిగిలింది నాకు పెట్టినట్టు అనిపించింది, ఇంటికొచ్చి మళ్లీ తిన్నా. కనీసం ఒక్కటైనా వేడిగా ఉండాలి.

పాత వంటవాడు:
హోటళ్లలో చల్లని వంటల సెక్షన్‌లో చాలా ఏళ్లు చేశాను కాబట్టి ఒక మాట. "చల్లారింది" వేరు, "చల్లనిది" వేరు. పైన ఆయన తిన్నది చల్లారిన భోజనం, అంటే వేడిగా తినాల్సినదాన్ని అలా వదిలేసింది. దానికి ఆయన కోపం న్యాయమే. స్పెయిన్ వాళ్ల టమాటా సూప్ గాస్పాచో, జపాన్ వాళ్ల జారు సోబా నూడుల్స్, మంచు ముక్కలు తేలే చారులో వచ్చే కొరియా నేంగ్‌మ్యోన్ నూడుల్స్, ఇవి చల్లగా తినడానికే పుట్టినవి, వేడి చేస్తే పాడైపోతాయి.

ఇప్పుడు మీ లిస్ట్ అమ్మా. అందులో రెండు చల్లారిన వంటలున్నాయి. వెన్న రొయ్యల్ని ఒక రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి తీసి చూడండి, రొయ్య చుట్టూ కొవ్వొత్తి కరిగి గడ్డకట్టినట్టు తెల్లగా అట్టలు కడుతుంది, నోట్లో పెట్టుకుంటే అంగిలికి అంటుకుంటుంది. చల్లని వంటలో వెన్న, నెయ్యి, కొబ్బరినూనె వాడకూడదు, పొద్దుతిరుగుడు నూనె అయితే గడ్డకట్టదు. రోస్ట్ చికెన్‌కి ఉన్న అందమంతా ఆ కరకరలాడే తోలు, తెల్లారేసరికి అది రబ్బరు. దానికి బదులు తోలు తీసిన చికెన్‌ని సన్న మంట మీద, నీళ్లు కుతకుతలాడకుండా ఉడికించండి, ముక్క మధ్యలో 74 డిగ్రీలు రాగానే దించి, వెడల్పాటి ట్రేలో త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు కోస్తే చెక్కినట్టు పలచటి ముక్కలు వస్తాయి, వేడి మీద కోస్తే పీచులు పీచులుగా పోతుంది. పైన ఆవాల పేస్టు, పెరుగు, సువాసన ఆకులు కలిపిన సాస్ పోస్తే అది చల్లని మెయిన్ డిష్.

నాలుకకి ఎముక లేదు:
మాటల గారడీ బాగుంది గురువుగారూ, కానీ చల్లటిదానికి రుచి తక్కువ అన్నది నిజమా కాదా?

పాత వంటవాడు:
నిజమే, కాదనను. నాలుక మీద తీపి, చేదు, ఉమామి (మాంసం, పుట్టగొడుగుల్లో ఉండే కమ్మటి రుచి) పసిగట్టే కణాల్లో టీఆర్‌పీఎం5 అని రుచి సంకేతం పుట్టించే ఒక చానల్ ఉంటుంది, చల్లదనానికి దాని పని మందగిస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ తాగి చూస్తే తెలుస్తుంది, గడ్డగా ఉన్నప్పుడు సరిగ్గా ఉన్న తీపి కరిగాక వెగటుగా ఉంటుంది. వాసన కూడా చల్లగా ఉంటే తక్కువే లేస్తుంది. అందుకే వేడి మీద రుచి చూసి "ఉప్పు సరిపోయింది" అనుకోకూడదు. పూర్తిగా చల్లబడ్డాక ఒక చెంచా తిని అప్పుడు ఉప్పు, పులుపు సరిచేయాలి, దాదాపు ప్రతిసారీ ఇంకాస్త పడుతుంది. మీకు ఆ పార్టీలో చప్పగా అనిపించిందంటే వాళ్లు ఇది చేసి ఉండరు.

ఇంకోటి, ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పళ్లెంలో పెట్టొద్దు, ఓ 20 నిమిషాలు బయట ఉంచితే రుచి తెరుచుకుంటుంది.

లెక్క ప్రకారం:
ఆ 20 నిమిషాలు కూడా లెక్కలోకి వస్తాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు గబగబా పెరుగుతాయి, అందుకే బయట పెట్టిన వంట 2 గంటల్లో అయిపోవాలి, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. పార్టీలో ఎవరూ గడియారం చూడరు కాబట్టి అంతా ఒకేసారి టేబుల్ మీద పెట్టకుండా చిన్న గిన్నెల్లో సగం సగం తెచ్చి పెట్టండి, కింద ఐస్ ట్రే ఉంటే ఇంకా మంచిది. ఖాళీ అయిన గిన్నెలోనే కొత్తది పోయకండి, గిన్నె మార్చండి.

అందరూ మయొనైజ్‌ని చూసి భయపడతారు, షాపులో కొన్నదానికి పులుపు ఎక్కువ, అందులో బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. అసలు భయపడాల్సింది అన్నాన్ని చూసి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు, అన్నం గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. రైస్ సలాడ్ చేస్తే వార్చగానే ట్రేలో పలచగా పరిచి వెంటనే చల్లార్చాలి. పెద్ద గిన్నెడు వేడి అన్నాన్ని అలాగే ఫ్రిజ్‌లో తోసేస్తే పైన చల్లగా, మధ్యలో గంటలపాటు వెచ్చగా ఉంటుంది.

గరిటె పక్కన పెట్టేశా:
బాబోయ్, రైస్ సలాడ్ క్యాన్సిల్. అసలు ఎప్పుడు చేసినా మర్నాటికి గింజలు రాళ్లలా అయ్యేవి, నా చేతి దోషం అనుకున్నా.

పాత వంటవాడు:
చేతి దోషం కాదమ్మా, పిండిపదార్థం చల్లబడితే మళ్లీ గట్టిపడుతుంది, పొడవు గింజ బియ్యంలో మరీ ఎక్కువ. పాస్తాకీ అదే కథ, అందుకే చల్లగా తినే పాస్తాని ప్యాకెట్ మీద రాసినదానికన్నా ఒకటి రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించండి. పంటికి కాస్త తగిలేలా దించితే మర్నాడు నమలలేరు. బంగాళాదుంపకి మాత్రం వేడి మీదే నూనె, వెనిగర్ పట్టించాలి, చల్లారాక పోస్తే పైపైనే జారిపోతుంది.

ఆకుపచ్చ పళ్లెం:
నేను శాకాహారిని, నా తరఫున ఒక ఫిర్యాదు. ఆ లిస్ట్‌లో మాంసం తీసేస్తే మిగిలింది ఏమిటి? మూడు పిండి సలాడ్లు. అవి మెయిన్ డిషెస్ కావు, పక్కన పెట్టుకునేవి. ఇలాంటి పార్టీలకు వెళ్లి పాస్తా పక్కన బంగాళాదుంప, దాని పక్కన బ్రెడ్ తిని, కడుపు బరువెక్కినా ఏదో తిననట్టే ఉండి తిరిగొచ్చిన రోజులెన్నో. నా లెక్కలో మెయిన్ అంటే అదొక్కటే పళ్లెంలో పెట్టినా భోజనం అనిపించాలి. శనగలు, రాజ్మా, విడిపోకుండా ఉడికిన పప్పు గింజలు, టోఫు ఇవన్నీ చల్లగా ఉంటేనే బాగుంటాయి, పైగా రాత్రంతా నానితే మసాలా లోపలికి దిగుతుంది. చికెన్‌కన్నా ఇదే నయం, ఆరిపోదు.

నాలుకకి ఎముక లేదు:
శనగల మాట ఒప్పుకుంటున్నా. కానీ వేడి సంగతి వదలను. ఒక్క సూప్ పెట్టండి, అదీ 6 లోపే చేసి పెద్ద ఫ్లాస్కులో పోసేస్తే సరి, ఆవిడ స్టవ్ వెలిగించినట్టూ కాదు.

లెక్క ప్రకారం:
ఫ్లాస్కు ఐడియా బాగుంది, ముందు వేడినీళ్లతో ఫ్లాస్కుని వెచ్చబెట్టి, సూప్ మరుగుతున్నప్పుడే పోస్తే. 60 కిందకి దిగనివ్వకూడదు.

మేడమ్, ఇంకో విషయం ఎవరూ అడగలేదు: మీ ఫ్రిజ్‌లో చోటుందా? తలకి ఎముకల్లేని ఉడికిన చికెన్ 100 గ్రాములు అనుకున్నా పాతిక మందికి రెండున్నర కిలోలు, ఉడికితే నాలుగో వంతు దాకా తగ్గుతుంది కాబట్టి పచ్చిది మూడు కిలోల పైమాట. పొడి పాస్తా తలకి 50 గ్రాములు, అంటే కిలోంపావు, ఉడికాక రెట్టింపు దాటుతుంది. ఇవి కాక శనగలు, రొయ్యలు, డ్రింక్స్. ఫ్రిజ్ కిక్కిరిస్తే లోపల గాలి ఆడదు, ఏదీ చల్లబడదు. డ్రింక్స్‌ని ఐస్ వేసిన టబ్బులోకి పంపేయండి.

గరిటె పక్కన పెట్టేశా:
నిన్న రాత్రి పరీక్ష పెట్టాను. నాలుగు రొయ్యలు వెన్నలో వేయించి ఫ్రిజ్‌లో పెట్టా, పొద్దున తీస్తే గురువుగారు చెప్పిన కొవ్వొత్తే. మా ఆయన ఒకటి తిని ఏమీ మాట్లాడలేదు, వేడినీళ్లు తాగారు. ఇంకో నాలుగు ఉప్పునీళ్లలో ఉడికించి నూనె, వెల్లుల్లి, మిరియాలు పట్టించి పెట్టా, వాటిలో రెండు అత్తయ్య అడక్కుండానే తిన్నారు.

కాబట్టి ఫైనల్ లిస్ట్: సాస్‌తో చల్లని చికెన్, ఉడికించిన రొయ్యలు, శనగలు-బీన్స్, పాస్తా. బంగాళాదుంప తీసేశా. ఫ్రిజ్ కింది అర మొత్తం ఖాళీ చేశా, రెండేళ్ల నాటి జామ్ సీసాలు బయటపడ్డాయి, అది వేరే కథ. ఫ్లాస్కు సూప్ మా ఆయన డ్యూటీ, చద్ది అన్నందుకు. ఒక్క డౌట్, నిమ్మరసం కూడా ముందురోజే కలిపేయొచ్చా?

పాత వంటవాడు:
వద్దు. రాత్రంతా పులుపులో ఉంటే గ్రీన్ బీన్స్ రంగు పోయి బూడిదాకుపచ్చగా అవుతాయి, రొయ్య కండ కూడా పాడవుతుంది. శనగలకి ముందే పట్టించండి, బీన్స్ విడిగా ఉంచి వడ్డించే ముందు కలపండి, రొయ్యల మీద అప్పుడే పిండండి. కీరా వేస్తే ఉప్పు రాసి అరగంట ఉంచి నీళ్లు పిండేయండి, లేకపోతే సలాడ్ అడుగున చెరువే.

నాలుకకి ఎముక లేదు:
నన్ను పిలవలేదు కానీ, పిలిచుంటే ఆ ఫ్లాస్కు పక్కనే కుర్చీ వేసుకునేవాణ్ణి.