కొండ ఘాటు దారి కోసం మోటారు సైకిలు ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించవచ్చునా?

కొండదారి (కొరాపుట్):
నా బండికి ముందు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) 14 పళ్ళు, వెనుకది 42 పళ్ళు. సాలూరులో అల్యూమినియం సామాను ఎక్కించుకొని సుంకి ఘాటు మీదుగా పొట్టంగి, కుందులి సంతలకు చేరవేయడం నా వృత్తి. మలుపులో లారీ ఎదురై ఆగవలసి వస్తే, మళ్ళీ కదలడానికి హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి, ఇంజన్‌ను అరిపించక తప్పడం లేదు. క్లచ్ ప్లేట్లు కాలిన వాసన మోకాళ్ళ దాకా వస్తుంది. ముందు 13 పళ్ళది వేయిస్తే పికప్ బాగుంటుందని మా మేస్త్రి అంటున్నాడు. అనుభవజ్ఞులు చెప్పగలరు.

గుణుపురం ఎక్స్‌ప్రెస్:
వేయించండి. సిగ్నల్ దగ్గర ఎవరూ మిమ్మల్ని దాటలేరు.

మాస్టారు (పర్లాకిమిడి):
తొందరపడకండి. 42ను 14తో భాగిస్తే 3.00, 13తో భాగిస్తే 3.23 వస్తుంది. అంటే వెనుక చక్రానికి అందే తిప్పుడు బలం సుమారు 7.7 శాతం పెరుగుతుంది, ఏ గేరులోనైనా అదే ఇంజన్ వేగానికి బండి వేగం సుమారు 7 శాతం తగ్గుతుంది. ఇంజన్ శక్తి మాత్రం వీసమెత్తు కూడా పెరగదు. పైగా కొరాపుట్ సముద్రమట్టానికి 870 మీటర్ల ఎత్తున ఉన్నది. ప్రతి 100 మీటర్లకు సుమారు ఒక శాతం చొప్పున ఇంజన్ శక్తి తగ్గుతుంది కనుక, మీరు పోగొట్టుకొంటున్నది గాలిలో ఉన్నది, పళ్ళలో లేదు. పల్చని గాలి వల్ల పోయిన శక్తిని ఏ స్ప్రాకెటూ తిరిగి తెచ్చిపెట్టలేదు.

కొండదారి:
మాస్టారూ, ఘాటు ఎక్కేటప్పుడు నేను గంటకు పాతిక కిలోమీటర్ల వేగం దాటను. ఆ వేగానికి ఇంజన్ శక్తి పూర్తిగా అక్కరలేదు. కదిలేటప్పుడు చక్రానికి బలం అందితే చాలు. దిగేటప్పుడు కూడా లాభమే గదా, రెండవ గేరులో ఇంజన్ పట్టు పెరుగుతుంది, బ్రేకు డ్రమ్ము వేడెక్కడం తగ్గుతుంది. మీరు శక్తి లెక్క చెబుతున్నారు, నేను క్లచ్ గురించి అడుగుతున్నాను.

పానా-రెంచి (జయపురం):
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. చైన్‌లో లోపలి లింకు, బయటి లింకు మారి మారి ఉంటాయి కనుక లింకుల సంఖ్య సాధారణంగా సరి సంఖ్యే. స్ప్రాకెట్‌లో కూడా పళ్ళు సరి సంఖ్యలో ఉంటే ఒక పంటికి ఎప్పుడూ లోపలి లింకే తగులుతుంది, పక్క పంటికి ఎప్పుడూ బయటి లింకే తగులుతుంది. 13 బేసి సంఖ్య కాబట్టి ప్రతి పంటికీ రెండూ మారి మారి తగిలి అరుగుదల సమంగా ఉంటుంది. ఈ ఒక్క కారణానికే 13 మేలని నా మాట.

మాస్టారు:
చిన్న స్ప్రాకెట్ మీద చైన్ మరింత వంగి తిరగాలి, ఆ వంపు వల్ల వచ్చే అరుగుదల మాటేమిటి? బేసి సంఖ్య వల్ల మిగిలేదానికన్నా అది ఎక్కువ.

పానా-రెంచి:
వంపు వేరు, బేసి సంఖ్య వేరు. నేను చెప్పినది బేసి సంఖ్య గురించి. దానికి సమాధానం చెప్పండి.

బరంపురం బాటసారి:
1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేటట్లు బండిని మార్చరాదంటుంది. ఆ పత్రంలో పళ్ళ సంఖ్య ఉండదని మాత్రం గమనించగలరు.

గుణుపురం ఎక్స్‌ప్రెస్:
నేను ఏడాదిగా 13తోనే తిరుగుతున్నాను. మైలేజీ పిసరంత కూడా తగ్గలేదు.

మాస్టారు:
నాయనా, నీ బండి స్పీడోమీటరుకు లెక్క ఎక్కడి నుంచి అందుతున్నదో చూసుకొన్నావా? కొన్ని బండ్లలో అది ముందు చక్రం నుంచి కాక గేరు పెట్టె నుంచి అందుతుంది. అటువంటి బండిలో ముందు పన్ను తగ్గిస్తే మీటరు 7.7 శాతం ఎక్కువ చూపిస్తుంది, తిరిగిన కిలోమీటర్లు కూడా ఎక్కువే నమోదవుతాయి. నూరు కిలోమీటర్లు తిరిగితే నూట ఏడు దాటినట్లు కనిపించే మీటరుతో మైలేజీ లెక్కవేస్తే అది తగ్గినట్లు ఎలా తెలుస్తుంది?

కొండదారి:
నా బండికి ముందు చక్రం నుంచే కేబుల్ ఉన్నది. ఆ అనుమానం నాకు వర్తించదు. మాస్టారు మైదానంలో ఉండి, కంపెనీవారు మైదానాన్ని చూసి పెట్టిన నిష్పత్తిని శాసనంలాగా చెబుతున్నారు. నిరుడు క్లచ్ ప్లేట్లు కాలిపోతే, గ్యారంటీ ఉన్నప్పటికీ, సర్వీసు సెంటరువారు నడపడం రాదని నన్ను నలుగురిలో చులకన చేసి పంపారు. సరుకుతో ఆ మలుపులో ఒక్కసారి బండి ఆపి, మళ్ళీ కదిలించి చూపిన తరువాత ఎవరైనా నాకు సలహా చెప్పవచ్చును.

మాస్టారు:
నన్ను మైదానం వాడినని తోసిపుచ్చడం సులభమే. నా మేనల్లుడు టెక్కలి వైపు ఉద్యోగానికి తిరగడానికి ఒక పాత బండి కొన్నాడు. అమ్మినవారు కొండ ప్రాంతంలో వాడుకొని, ముందు 13 పళ్ళది వేయించి, ఆ మాట చెప్పకుండా అమ్మారు. వీడు చదునైన దారిలో రోజూ డెబ్బై దాటి నడిపాడు. ఇంజన్ ఎప్పుడూ ఉండవలసిన దానికన్నా ఎక్కువ వేగంతో తిరిగింది, నూనె తాగింది, చివరకు అరిగిన సిలిండరుకు బోరు చేయించవలసి వచ్చింది. విప్పిన షెడ్డులో ఒక్కరికీ స్ప్రాకెట్ పళ్ళు లెక్కపెట్టాలని తోచలేదు. నేను వెళ్ళి కవరు తీయించి లెక్కపెడితే తెలిసింది. మీ ఘాటు కష్టం నిజం కాదని నేను అనలేదు. ఆ బండిని రేపు ఎవరు నడుపుతారో మీకు తెలియదని అంటున్నాను.

పానా-రెంచి:
బోరుకు రావడానికి పన్ను ఒక్కటే కారణమై ఉండదు మాస్టారూ. నూనె మార్చకుండా నడిపితే 14తో కూడా బోరుకు వస్తుంది.

మాస్టారు:
కావచ్చు. కానీ చెప్పకపోవడం మాత్రం తప్పే.

కొండదారి:
ఇప్పుడు అసలు మాట బయటకు వచ్చింది. మాస్టారి తగవు 13 పళ్ళతో కాదు, దాచిపెట్టి అమ్మిన ఆ మనిషితో. అది నా మీద ఎందుకు పడుతున్నదో నాకు అర్థం కాలేదు. ఈ బండి అరిగేదాకా నా దగ్గరే ఉంటుంది.

మాస్టారు:
అందరూ అలాగే అనుకొంటారు. అప్పు తీర్చవలసి వచ్చినప్పుడు మొదట అమ్మేది బండినే. అమ్మే రోజున పన్ను సంగతి చెబుతారా?

కొండదారి:
చెబితే వెయ్యి రూపాయలు తగ్గించి అడుగుతారు. అందుకని చెప్పను, పాత 14 పళ్ళ స్ప్రాకెట్ దాచి ఉంచి, అమ్మే ముందు తిరిగి బిగిస్తాను. దీనికి మీకు అభ్యంతరం ఉన్నదా?

పానా-రెంచి:
నాకు ఉన్నది. అరిగిన చైన్ మీద అరగని స్ప్రాకెట్ బిగిస్తే ఆ పళ్ళు కూడా కొక్కేల్లాగా వంగిపోతాయి. ఇప్పుడు మార్చినా, అప్పుడు మార్చినా చైన్, ముందుది, వెనుకది మూడూ కలిపి మార్చాలి. ఒక పన్ను తగ్గితే చైన్ వదులై వెనుక చక్రం ఇరుసు సుమారు 3 మిల్లీమీటర్లు వెనక్కి జరపవలసి వస్తుంది. ఇరుసుకు రెండు వైపులా ఉన్న గుర్తు గీతలు సమంగా ఉన్నాయో లేదో చూసుకోండి. వెనుక స్ప్రాకెట్ తోనే మార్పు చేయాలనుకొంటే 42 బదులు 45 వేసినా దాదాపు అదే ఫలితం, చైన్ మాత్రం పొడవు కావాలి.

మాస్టారు:
మూడూ కలిపి మార్చే ఖర్చు పెట్టేవారికి నా అభ్యంతరం లేదు. ఆ ఖర్చు పెట్టకపోతే, అమ్మేటప్పుడు పన్ను సంగతి చెబుతారా అన్నదానికి కొండదారి గారు ఇంకా జవాబు చెప్పలేదు.

కొండదారి:
వచ్చే శుక్రవారం కుందులి సంత అయిన తరువాత జయపురం వస్తాను పానా-రెంచి మేస్త్రీ, మూడూ కలిపిన సెట్టు ధర ఎంతో చెప్పండి. మాస్టారికి నా జవాబు: అమ్మేటప్పుడు, కొనేవారికి చెబుతాను.