మా పీహెచ్‌డీ ఆడవాళ్ల గ్రూప్ ఆగిపోకుండా ఎలా నడపాలి?

నమస్తే. హనుమకొండలో పీహెచ్‌డీ చేస్తున్న ఐదుగురం ఆడవాళ్లం జూన్‌లో ఒక గ్రూప్ పెట్టుకున్నాం. ఒకరి చాప్టర్ ఇంకొకరు చదివి తప్పొప్పులు చెప్పాలని ఒప్పందం. బతుకమ్మకు ఊళ్లకు పోయి వచ్చాక ఇద్దరమే మిగిలాం.

మొదట ఆదివారం పొద్దున పదింటికి కలిసేవాళ్లం. ఇంటిపని, చుట్టాలతో ముగ్గురికి కుదరలేదు. రాత్రి తొమ్మిదింటికి గూగుల్ మీట్‌కు మార్చాం. అది పిల్లలు పడుకునే టైమ్. ఒకామె కెమెరా ఆపేసి, పాపను జోకొడుతూనే నా మెథడాలజీలో శాంపిల్ లెక్క తప్పిందని పట్టుకుంది. మా గైడ్ కూడా చూడని తప్పు అది! అందుకే ఈ గ్రూప్‌ను వదులుకోబుద్ధి కావట్లేదు. వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు కూడా రెండు వారాలకే ఆగిపోయాయి.

యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఆడవాళ్లకు ప్రసూతి, పిల్లల సంరక్షణ కోసం 240 రోజుల వరకు సెలవు, గడువులో అదనంగా 2 ఏళ్ల సడలింపు ఉన్నాయి. మా గ్రూప్‌లో ఇద్దరు ఆ సెలవులోనే ఉన్నారు. సెలవు దొరికింది కానీ రాత పూర్తిగా ఆగింది, అదే టెన్షన్.

ఇలాంటి గ్రూప్‌ను ఏడాదికి పైగా నడిపినవాళ్లు చెప్పండి: అందరూ ఒకే టైమ్‌కు కూర్చోకుండా, వారానికి ఒక్కరి చాప్టరైనా చదివి అభిప్రాయం చెప్పేలా పని ఎలా పంచుకున్నారు?