విజ్ఞానశాస్త్ర చరిత్రను ఏ దారిన చదవాలి?

ప్రశ్న: మలక్‌పేట అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక జూనియర్ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. పాఠంలో గెలీలియో, న్యూటన్ పేర్లు వచ్చిన ప్రతిసారీ వారికి ముందు ఎవరున్నారు, ఆ కాలంలో తక్కిన దేశాలలో ఏం జరుగుతోంది అన్న ప్రశ్న నాలో లేచేది. సమాధానం తెలియక పాఠాన్ని ముందుకు నడిపించేవాణ్ణి. ఆ లోటు తీర్చుకోవాలని ఏడాదిగా ప్రతి ఆదివారం అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో కూర్చుని దొరికినవన్నీ చదువుతున్నాను.

చదివిన కొద్దీ చిక్కు పెరుగుతోంది. కొన్ని పుస్తకాలు గ్రీసులో మొదలై, నడుమ వెయ్యేళ్లను రెండు పేజీలలో దాటించి, కోపర్నికస్ దగ్గర తేలుతాయి. మరికొన్ని, కనిపెట్టవలసినదంతా మన పూర్వులు ఎప్పుడో కనిపెట్టేశారని చెబుతాయే తప్ప, ఏ గ్రంథంలో, ఏ శ్లోకంలో, ఏ లెక్కతో అన్నది చూపవు. ఇవి రెండూ కాదనుకుని శతాబ్దాలవారీగా ఒక పెద్ద పట్టిక తయారుచేసుకుని గోడకు అంటించుకున్నాను. ఆర్యభటుడు, బాగ్దాదు అల్ ఖ్వారిజ్మీ, చైనా షెన్ కువో, సమర్‌ఖండ్ ఉలుగ్ బేగ్, కేరళ మాధవుడు అందరూ అందులో ఉన్నారు. అయితే ఒకరికీ మరొకరికీ ఉన్న సంబంధం ఏమిటో ఆ పట్టికను చూస్తే తెలియడం లేదు.

నాకు తెలుగు, ఇంగ్లీషు వచ్చు, ఉర్దూ చదవగలను. సంస్కృతం కొద్దిగా అర్థమవుతుంది, అరబ్బీ రాదు. ఇన్ని సంస్కృతులు, ఇన్ని యుగాలు ఉన్న విషయాన్ని నావంటివాడు ఎక్కడ పట్టుకుని మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: నల్లకుంట గణిత విద్యార్థిని

నమస్కారమండీ. మీ పట్టికను గోడ మీద నుంచి తీసేయనక్కరలేదు గాని, దాన్ని చదువుకు ఆధారంగా పెట్టుకోవద్దని నా మనవి. పేర్లను, సంవత్సరాలను ఎన్ని పేర్చినా అవి చరిత్ర కావు. ఏదో ఒక చిన్న విషయాన్ని, వీలైతే ఒక్క మాటను పట్టుకుని, అది ఏ ఊరి నుంచి ఏ ఊరికి, ఎవరి చేతుల మీదుగా, ఏ మార్పులతో వెళ్లిందో వెంట నడిచి చూడండి. నేను అలా పట్టుకున్న మొదటి మాట మీరు తరగతిలో రోజూ అనే ‘సైన్’.

క్రీ.శ. రెండో శతాబ్దిలో అలెగ్జాండ్రియాలో టాలెమీ తన ఖగోళ గణనలకు వృత్తంలోని పూర్తి జ్యాల (వృత్తం మీది రెండు బిందువులను కలిపే గీతల) పట్టిక వేసుకున్నాడు. మన ఖగోళ సిద్ధాంతకర్తలు పూర్తి జ్యాకు బదులు అందులో సగమైన అర్ధజ్యాను, అంటే నేటి సైన్‌ను తీసుకున్నారు. లెక్క తేలిక చేసిన మలుపు అదే. 499 నాటి ఆర్యభటీయంలో 3438 వ్యాసార్ధానికి 24 అర్ధజ్యాల పట్టిక ఉంది. ‘జ్యా’కు పర్యాయపదమైన ‘జీవా’, ఎనిమిదో శతాబ్దిలో భారతీయ ఖగోళ గ్రంథాలు బాగ్దాదు చేరినప్పుడు, అరబ్బీలో ‘జీబ’ అయింది. అరబ్బీ రాతలో హ్రస్వమైన అచ్చులు సాధారణంగా రాయరు కనుక, ఆ అక్షరాలనే తరువాతివారు ‘జైబ్’ అని చదువుకున్నారు. ఆ భాషలో ‘జైబ్’ అంటే వస్త్రపు మడత, వక్షస్థలం. పన్నెండో శతాబ్దిలో లాటిన్‌లోకి మార్చినవారు ఆ అర్థాన్నే తీసుకుని ‘సైనస్’ అన్నారు. మనం చొక్కాకు కుట్టించుకునే ‘జేబు’ కూడా ఆ ‘జైబ్’ నుంచి వచ్చినదే. ఈ సంగతి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

దీనికి ఎదురు దిక్కున వచ్చిన మాటను కూడా పక్కనే పెట్టుకోవాలి. మనం అచ్చమైన సంస్కృతం అనుకునే ‘కేంద్రం’ గ్రీకుల ‘కెంట్రాన్’ నుంచి వచ్చింది. ఆరో శతాబ్దిలో వరాహమిహిరుడు తన పంచసిద్ధాంతికలో పడమటి మూలాలున్న రోమక, పౌలిశ ఖగోళ సిద్ధాంతాలను దాపరికం లేకుండా, పేర్లతో సహా చేర్చాడు. ఇచ్చినది మాత్రమే చెప్పి, తీసుకున్నది దాచే పుస్తకం ఏ దేశానిదైనా నేను పక్కన పెట్టేస్తాను.

మరొక జాగ్రత్త కూడా అవసరం. ఇద్దరి దగ్గర ఒకే ఆలోచన కనబడితే ఒకరి నుంచి మరొకరు తీసుకున్నారని వెంటనే నిర్ణయించకూడదు. ఇంద్రధనుస్సునే చూడండి. 14వ శతాబ్ది తొలి దశాబ్దంలో తబ్రీజులో కమాలుద్దీన్ ఫార్సీ, జర్మనీలో ఫ్రైబర్గ్‌కు చెందిన థియోడోరిక్ అనే క్రైస్తవ సన్యాసి, నీరు నింపిన గాజు గోళాన్ని వాన చినుకుగా భావించి, కిరణం రెండుసార్లు వక్రీభవనం, నడుమ ఒకసారి పరావర్తనం చెందితే మొదటి ధనుస్సు ఏర్పడుతుందని దాదాపు ఒకే కాలంలో నిరూపించారు. ఒకరి సంగతి మరొకరికి తెలిసిందనడానికి ఆధారం లేదు. అయితే ఇద్దరి వెనుకా 11వ శతాబ్ది నాటి ఇబ్న్ అల్ హైతమ్ దృక్‌శాస్త్ర గ్రంథం ఉంది. ఫార్సీకి అది అరబ్బీలో, థియోడోరిక్‌కు లాటిన్ అనువాదంలో అందింది. వేరు ఒకటే అయినా కొమ్మలు విడివిడిగా పూశాయి. మాధవుని అనంత శ్రేణులకూ యూరప్ కలన గణితానికీ సంబంధం ఉందా అన్న వివాదం మీ ముందుకు వచ్చినప్పుడు ఈ ఉదాహరణను గుర్తు చేసుకోండి. చేరవేత జరిగిందనడానికి చేరవేసిన మనిషినో, ప్రతినో, ఉత్తరాన్నో చూపాలి. పోలిక ఒక్కటే చాలదు.

హైదరాబాదులో ఉన్నారు కనుక ఇంకొక మాట. ఇంద్రధనుస్సు వివరణ ఉన్న కమాలుద్దీన్ గ్రంథం అచ్చయినది మన ఊళ్లోనే. అరబ్బీ గ్రంథాల ప్రచురణకు 1888లో ఇక్కడ స్థాపించిన దాయిరతుల్ మారిఫ్ సంస్థ దాన్ని 1928–30 మధ్య రెండు సంపుటాలుగా ప్రచురించింది. 13వ శతాబ్ది పండితుడు నసీరుద్దీన్ తూసీ గణిత రచనలు, 11వ శతాబ్ది అల్ బిరూనీ ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూన్ అల్ మసూదీ’ కూడా ఇక్కడి నుంచే వెలువడ్డాయి. ఆ సంస్థ ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. అరబ్బీ రాకపోయినా ఒకసారి వెళ్లి ఆ సంపుటాలలోని పటాలను చూసి రండి. గోళంలో గీసిన కిరణాలను గుర్తుపట్టడానికి భౌతికశాస్త్రం చాలు.

సమాధానం: కూకట్‌పల్లి లోహశాస్త్రవేత్త

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక లోటును చూపదలచాను. గ్రంథాల వెంట మాత్రమే నడిస్తే, గ్రంథం రాయని మనుషుల విజ్ఞానం చరిత్రలోకి రాదు. మాది నిజామాబాద్ జిల్లా. ఆ జిల్లాలోని కోనసముద్రం కమ్మరులు ఇనుమును కర్బన పదార్థాలతో కలిపి మట్టి మూసలలో పెట్టి, మూత బిగించి, గంటల తరబడి కాల్చి, మెల్లగా చల్లార్చి చేసిన ఉక్కు ముద్దలను కొనడానికి ఇస్ఫహాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కూర్చునేవారు. 19వ శతాబ్ది ఆరంభంలో ఆ పనిని కళ్లారా చూసిన దేశాన్ని కొలిచిన త్రికోణమితీయ సర్వేలోని వైద్యుడు, భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయిసీ దాన్ని వర్ణించి పెట్టాడు. పర్షియా, సిరియాల పేరు మోసిన ఖడ్గాలలో మన దక్షిణాది మూస ఉక్కు ఉంది.

దీని పేరు 1795లో లండన్ రాయల్ సొసైటీ ముందుకు ‘వూట్జ్’గా వెళ్లింది. అది తెలుగు, కన్నడాలలోని ‘ఉక్కు’ మాటకు వికృతి అని పండితుల అభిప్రాయం. విద్యుత్తులో పేరు తెచ్చుకోకముందు మైకేల్ ఫారడే, కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఈ ఉక్కును తిరిగి తయారు చేయాలని 1819 నుంచి ప్రయోగాలు చేశాడు. మిశ్రమ లోహాల మీద పరిశోధన బలపడడానికి ఆ ప్రయత్నం తోడ్పడింది. ఒకటిన్నర శాతం దగ్గర ఉన్న కర్బనమే ఆ గట్టిదనానికి కారణమని నేడు మనం సులువుగా చెబుతాము. ఆ శాతం మాట ఎన్నడూ వినని కమ్మరి మాత్రం మంట రంగును, మూసను కదిపినప్పుడు లోపలి ద్రవం చేసే చప్పుడును బట్టి దాన్ని పట్టుకోగలిగేవాడు. దాన్ని విజ్ఞానం అనకుండా ‘నేర్పు’ అని మాత్రమే అనడం నాకు ఎప్పుడూ సమ్మతం కాలేదు. మీ పట్టికలో ఆ కమ్మరులకు పేరు లేని ఒక గడి కేటాయించండి.

సమాధానం: సికింద్రాబాద్ వైద్యుడు

ఒక మాటను పట్టుకోవడం మంచి దారే. నేను మాత్రం ఒక ఇంటి దగ్గర మొదలుపెట్టాను. బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం ఇప్పటికీ ఉంది. 1897 ఆగస్టు 20న ఆయన ఇక్కడ ఆనాఫిలిస్ జాతి దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి ఎదుగుదలను చూశారు. అంతవరకు అందరికీ తెలుసు. ఆ ఒక్క రోజు నుంచి అటూ ఇటూ తీగ లాగితే ఎన్ని దేశాలు కదులుతాయో చూడండి.

రోగుల రక్తంలో ఆ క్రిమిని మొదట చూసినవాడు ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్, 1880లో, అల్జీరియాలో. దోమ మనిషి రక్తంలోని క్రిమిని తనలో పెంచగలదని బోదకాలు విషయంలో చూపినవాడు ప్యాట్రిక్ మాన్సన్; 1877లో, చైనాలోని అమోయ్ రేవులో. రాస్‌కు దోమల దారి చూపినది ఆ మాన్సనే. రాస్ దోమలకు తన రక్తం ఇచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియా మీద పని పూర్తయినప్పుడు రాస్ పక్కన నిలిచిన సహాయకుడు మహమ్మద్ బక్స్. మనుషులలో దోమ కాటు ద్వారానే మలేరియా వ్యాపిస్తుందని 1898లో ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. నోబెల్ బహుమతి 1902లో రాస్‌కు వచ్చింది. ఘనత ఎవరిదన్న తగవు వారిద్దరి మధ్య చివరిదాకా తీరలేదు.

మందు వైపు వెళితే కథ ఇంకా పాతది. క్వినైన్‌కు మూలమైన సింకోనా బెరడు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలది. ఆర్టెమిసినిన్ అనే మలేరియా మందును ఒక మొక్క నుంచి వెలికితీసిన చైనా శాస్త్రవేత్త తూ యూయూకు 2015లో నోబెల్ వచ్చింది. నాలుగో శతాబ్దిలో గె హాంగ్ రాసిన చైనా వైద్య గ్రంథంలో ఆ మొక్కను నీటిలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, మరిగించమని లేదు. వేడికి మందు చెడుతోందేమోనన్న ఆలోచన ఆమెకు ఆ వాక్యం నుంచి తట్టింది. ప్రాచీన గ్రంథం నుంచి సూచన తీసుకుని, జంతువుల మీద, మనుషుల మీద పరీక్షించి నిలబెట్టిన ఈ పద్ధతిని నేను మా జూనియర్ వైద్యులకు తరచు చెబుతాను. ‘పాతదంతా గొప్పది’ అనేవారికీ, ‘పాతదంతా పనికిరానిది’ అనేవారికీ అది ఒకే సమాధానం.

మలక్‌పేట అధ్యాపకుడు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఏడాది చదువులో దొరకనిది ఈ మూడు సమాధానాలలో దొరికింది. వచ్చే ఆరు నెలలు జ్యా ఒక్కదాని వెంటే నడవాలని నిశ్చయించుకున్నాను. ఉక్కు, మలేరియా ఆ తరువాత. నల్లకుంట అమ్మా, రెండు సందేహాలు. మహావీరుని సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనను ఈ దారిలో ఎక్కడ ఉంచాలి? అలాగే ఇంటర్ పిల్లలకు ఈ చరిత్రను ఉపన్యాసంలా కాక వారి చేత చేయించే మార్గం ఏమైనా ఉందా?

నల్లకుంట గణిత విద్యార్థిని

మల్లనను తప్పకుండా చేర్చండి, జ్యా దారిలో కాదు, అనువాదాల దారిలో. తొమ్మిదో శతాబ్దిలో కన్నడ దేశంలో ఒక జైన పండితుడు సంస్కృతంలో రాసిన గణితం తెలుగు పద్యాలలోకి రావడం, గ్రీకు గణితం బాగ్దాదులో అరబ్బీలోకి రావడం, రెండూ ఒకే రకమైన పనులు. లెక్క ఒక భాష దాటినప్పుడు ఏ పదాలు కొత్తగా పుట్టించవలసి వచ్చిందో మల్లన పద్యాలలో చూడవచ్చు.

రెండోదానికి నా దగ్గర పరీక్షించి చూసిన మార్గం ఉంది. ఆర్యభటుడు 24 జ్యాలను నేరుగా ఇవ్వక, ఒకదానికీ తరువాతిదానికీ ఉన్న తేడాలను అక్షరాలలో దాచి ఒకే శ్లోకంలో చెప్పాడు. క నుంచి మ వరకు 1 నుంచి 25. య 30, ర 40, ఇలా పదేసి పెరుగుతూ స 90, హ 100. క నుంచి మ వరకు ఉన్న అక్షరానికి గుడి పడితే దాని విలువ వంద రెట్లు. మన వర్ణమాల క్రమం అదే కనుక తెలుగు పిల్లలకు ఇందులో కొత్తగా నేర్చుకోవలసినది లేదు. బల్ల మీద మఖి, భఖి, ఫఖి, ధఖి, ణఖి, ఞఖి, ఙఖి, హస్ఝ అని రాసి విప్పమనండి. మ 25, ఖి 200, మొత్తం 225. ఆ తరువాత 224, 222, 219, 215, 210, 205, 199 వస్తాయి. ఎనిమిదింటినీ కూడితే 1719. 24 జ్యాలు 90 డిగ్రీలకు సరిపోతాయి కనుక ఎనిమిదో జ్యా 30 డిగ్రీలది, 1719 సరిగ్గా 3438లో సగం. సైన్ 30 డిగ్రీలు అర అని పుస్తకంలో కంఠతా పట్టిన పిల్లలు ఆ సగాన్ని 499 నాటి అక్షరాల నుంచి తామే రాబట్టుకుంటారు. ఇంకా పదహారు మిగిలి ఉంటాయి. వాటిని ఇంటి పనిగా ఇవ్వండి.