మేడిగడ్డలో మళ్ళీ నీళ్ళు నిలిపితే సిరోంచ ఒడ్డు నేలకు జవాబు ఎవరిది?

గోదారి ఒడ్డు:
2023 అక్టోబరు 21న గోదావరి మీద తెలంగాణ కట్టిన కాళేశ్వరం ప్రాజెక్టుల మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకు కుంగింది. గేట్లు ఎత్తే ఉంచాలని జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ 2024ల చెప్పింది. ఇప్పుడు బాగు చేసి మళ్ళ నింపాలని అవతలి ఒడ్డున మాట్లాడుతున్నరు. 16.17 టీఎంసీలు ఆపితే వెనక నీళ్ళు ఎక్కేది ఇవతల మహారాష్ట్రల మన సిరోంచ తాలూకా మీదికే. 2019 నుంచి 2023 దాకా అయిన నష్టం లెక్కే ఇంకా తేలలే. 2016 ఆగస్టు 23న రెండు రాష్ట్రాలు ముంబైల సంతకం పెట్టిన ఒప్పందంల బ్యారేజీ మట్టం 100 మీటర్లు. నీళ్ళు ఆ గీత దాటి వచ్చినయి. గీత పైన పోయిన పంటకు, కోసుకపోయిన ఒడ్డుకు తెలంగాణ పైసలు కట్టాలె. ఆ తర్వాతనే మరమ్మతు మాట.

కొలబద్ద:
2022 జులై వరదను బ్యారేజీ మీద రుద్దడం సరికాదండి. ఆ నెల 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, అప్పుడు మేడిగడ్డలో ఒక్క రాయి కూడా లేదు. అంత వరదలో 85 గేట్లూ ఎత్తే ఉంటాయి. గేటు దించనప్పుడు నీటిని ఎవరు ఆపినట్టు? 2022లో ఆ ప్రాజెక్టు కన్నెపల్లి పంపుహౌసే మునిగింది.

అంకీస బాట:
ఎనుకట నీళ్ళు వచ్చి తీసేది, ఒండ్రు మిగిలేది. ఇప్పుడు ఇసుక మేటేసి పోతున్నది. రెండూ ఒక్కటెట్లయితయన్నా?

గోదారి ఒడ్డు:
కొలబద్ద గారూ, 100 మీటర్లంటే గేటు ముందర నిలిచిన నీళ్ళ మట్టం. పారే నీళ్ళు సాపుగ ఉండవు, ఎగువకు పోయినకొద్ది మట్టం లేస్తది. బ్యారేజీ కాడ 100 ఉంటే ప్రాణహిత కలిసే కాడ, అంటే సిరోంచ - కాళేశ్వరం నడుమ, అంతకంటే ఎక్కువే ఉంటది. ఎంత ఎక్కువన్నది ప్రవాహాన్ని బట్టి. భూసేకరణకు గీత గీసేటప్పుడు నిలువ నీళ్ళది కాదు, వరద నీళ్ళ వాలు గీయాలె. నా అసలు ఫిర్యాదు అది.

గేట్లు ఎత్తే ఉన్నయంటరు. ఎప్పుడు ఎత్తిన్రు? వరద మొదలుకాకముందే నది నిండుగ ఉంటే వచ్చే నీళ్ళకు జాగ ఉండదు. ఆలస్యంగ ఒక్కసారే ఎత్తితే దిగువ ఒడ్డు కోసుకపోతది. అందుకే గేట్ల లాగ్‌బుక్ కావాలె: ఏ గేటు, ఏ గంటకు, ఎన్ని మీటర్లు.

రుజువు చేసే దారి ఉన్నది. కేంద్ర జల సంఘానికి ప్రాణహిత మీద టేక్రా కాడ, గోదావరి మీద మంచిర్యాల కాడ, కాళేశ్వరం కాడ కొలతలున్నయి. టేక్రా, మంచిర్యాల ప్రవాహాలు కలిపితే మన కాడికి ఎన్ని నీళ్ళు వచ్చినయో సుమారుగ తెలుస్తది. అదే ప్రవాహానికి కాళేశ్వరంల మట్టం ఎంత అన్నది మూడు ముక్కలుగ తీయాలె: 2019 కంటే ముందు, 2019 నుంచి 2023 దాకా, గేట్లెత్తిన తర్వాత. నడిమి ముక్కల మట్టం ఎక్కువ, చివరి ముక్కల మళ్ళ తక్కువ అయితే ఆ తేడా బ్యారేజీదే. జల సంఘానికి హైదరాబాదుల ఉన్న కృష్ణా గోదావరి బేసిన్ ఆఫీసుకు సమాచార హక్కు కింద 10 రూపాయల అర్జీ పెట్టాలె. గంటగంట మట్టాలు అడగాలె. రోజు సగటు తీసుకుంటే వరద శిఖరం అందుల కలిసిపోతది.

కొలబద్ద:
పద్ధతి సరైనదే, ఒప్పుకుంటాను. కానీ ఇసుక మేటతో నది అడుగు లేచినా మట్టం పెరుగుతుంది. కాబట్టి నది అడ్డుకోత కొలతలూ, అంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా నది అడుగు ఎంత లోతుందో తీసిన కొలతలూ అడగండి. అవి లేకుండా మట్టం తేడా ఒక్కటే చూపిస్తే అవతలి వకీలు అయిదు నిమిషాల్లో కొట్టేస్తాడు.

సాత్‌బారా:
మీరిద్దరు మీటర్లు కొలుచుకుంట కూసోండ్రి. పంచనామా, అంటే అధికారులు పొలంకొచ్చి నష్టం చూసి రాసే కాయితం, సరిగ లేకపోతే ఏ కోర్టుల నిలబడదు. మన దగ్గర చెడేది అక్కడనే.

2022-26 విపత్తు సాయం లెక్కలు చూడుండ్రి. పంట 33 శాతం, అంతకు మించి పోతేనే సాయం: వానాధారానికి హెక్టారుకు 8,500, నీటి సాగుకు 17,000, రెండు హెక్టార్ల దాకా. ఇసుక మేట 3 అంగుళాలు దాటితే తీసేటందుకు హెక్టారుకు 18,000. నది దారి మారి నేలే పోతే హెక్టారుకు 47,000, అదీ చిన్న, సన్నకారు రైతులకే, రికార్డుల పేరున్నోళ్ళకే.

తప్పులు ఎక్కడయితయంటే, ఇసుకను ట్రాక్టరుతో సాపు చేసినంక తలాఠీని (ఊరి రెవెన్యూ అధికారిని) పిలుస్తరు, మందం ఎక్కడ కనపడతది? పొలం నాలుగు మూలల, నడుమల గుంత తవ్వి, టేపు పెట్టి ఫోటో తీసి, గట్ (సర్వే) నంబరు వారీగ రాయించాలె. ఈ-పీక్ పాహణీల, అంటే ఫోన్ల పంట నమోదు చేసే సర్కారు యాప్‌ల, పత్తి, మిరప ఎక్కించకపోతే ఆ గట్ పడీక్ (బీడు) అని ఉంటది, పంట నష్టమే ఉండదు. అన్నిటికంటే చెడ్డది కారణం కాలం. అక్కడ ‘అతివృష్టి’ అని రాస్తరు, రైతు చదవకుండ సంతకం పెడ్తడు. రేపు బ్యారేజీ మీద కేసేస్తే, వానతోటి పోయిందని నువ్వే సంతకం పెట్టినవ్ కదా అంటరు. ‘నది వెనక నీళ్ళు’ అని రాయించాలె. తలాఠీ రాయనంటే అదే రోజు తహసీల్ల విడిగ అర్జీ ఇచ్చి ఆవక్ నంబరు (అర్జీ అందినట్టు వేసే నంబరు) తీసుకోవాలె.

కౌలు చేను:
రికార్డుల పేరున్నోళ్ళకే అని ఒక్క మాటల చెప్పి ముందుకు పోయినవ్ అన్నా. ఒడ్డు మిరపల విత్తనం, మందులు, కూలి పెట్టేది కౌలుదారు. పైసలు పడేది పట్టాదారు ఖాతాల. గీ లెక్క ఎవరు తెంపుతరు?

సాత్‌బారా:
అది వేరే ముచ్చట తమ్మీ.

కౌలు చేను:
వేరేది కాదు, ఇదే ముచ్చట.

కొలబద్ద:
అసలు ఎక్కడికి పోతారు మీరు? రాష్ట్రాల నడుమ నీటి తగువును ట్రిబ్యునల్ ముందుకు తెచ్చేది రాష్ట్రమే, రైతు కాదు. 1956 అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం 11వ సెక్షను మిగతా కోర్టులకు తలుపు మూసేసింది. అంటే మహారాష్ట్ర అడగాలి. ఒప్పందం మీద సంతకం పెట్టిన మహారాష్ట్రను వదిలిపెట్టి అంతా తెలంగాణను తిడుతున్నారు.

గోదారి ఒడ్డు:
మేము నీళ్ళ వాటా అడుగుతలేం, నష్టం అడుగుతున్నం. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 15వ సెక్షను ఉన్నది. కారణం మొదట పుట్టిన రోజు నుంచి 5 ఏండ్లు గడువు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. 2022 జులై నష్టానికి 2027 జులైతోటి గడువు పోతది. ఫీజు అడిగిన పరిహారంల 1 శాతం, దారిద్ర్యరేఖ కింద ఉన్నోళ్ళకు లేదు. మనకు పుణె బెంచి. కాళేశ్వరానికి పర్యావరణ అనుమతి 2017 డిసెంబరుల వచ్చింది, పనులు అంతకుముందే నడిచినయి. అది చట్ట ఉల్లంఘనే అని ఆ ట్రిబ్యునలే 2020 అక్టోబరు 20న చెప్పి, నష్టం చూడమని కమిటీ వేయమన్నది.

కొలబద్ద:
15వ సెక్షను ఆ చట్టం షెడ్యూలులో పేర్లున్న పర్యావరణ చట్టాల కింద పుట్టిన పర్యావరణ నష్టానికే. పొలం మునక దాని కిందికి వస్తుందా? అనుమతి పత్రంలోని ఏ షరతు తప్పారో నంబరుతో చెప్పండి.

గోదారి ఒడ్డు:
ప్రతి దానికి అడ్డం పడుతున్నరు. మరమ్మతు ఆగొద్దని మీ పట్టుదల. మీ నేల మునగదు కదా.

కొలబద్ద:
నా నేల సంగతి వదలండి. మీరు కోరుకునేది గేట్లు ఎప్పటికీ ఎత్తే ఉండాలని. ఒడ్డు రైతుల్లో సగం మంది కోరుకునేది అది కాదు. నీళ్ళు నిలపండి, వరద గీత దాకా మొత్తం భూమి కొనండి, మేము పైకి పోతాం అంటున్నారు. ఏటా పంచనామా చుట్టూ తిరిగే కంటే అదే నయం వాళ్ళకు. మీరు వాళ్ళ తరఫున మాట్లాడటం లేదు.

గోదారి ఒడ్డు:
ఒండ్రు నేల అమ్ముకొని ఆ పైసలతోటి ఎక్కడ కొంటరు? ఇసోంటి నేల తాలూకల ఇంకెక్కడున్నది? నేను అమ్మనీయ.

సాత్‌బారా:
ఎవరి నేల వాళ్ళిష్టం. అమ్మేటోళ్ళకు ఒక్క మాట. నేరుగా ఖరీదు ఒప్పుకొని రిజిస్ట్రీ చేస్తే, ధర తక్కువైందని మళ్ళ అడిగే దారి ఉండదు. 2013 భూసేకరణ చట్టం కింద సేకరణ అయితే 100 శాతం సొలేషియం (బలవంతంగ తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పైసలు), మీద ఏడాదికి 12 శాతం ఉంటయి. అవార్డు, అంటే సర్కారు తేల్చిన పరిహారం, నచ్చకపోతే 64వ సెక్షను కింద అర్జీ పెట్టొచ్చు. అవార్డు రోజు మీరు అక్కడుంటే 6 వారాల గడువే. పైసలు తీసుకునేటప్పుడు ‘అభ్యంతరంతో తీసుకుంటున్న’ అని రాసి సంతకం పెట్టాలె.

అంకీస బాట:
అమ్మేటోళ్ళు, అమ్మనోళ్ళు ఇద్దరికీ 2019-23 నష్టం అయితే ఒక్కటే కదా. అంతవరకు ఒక్క అర్జీ పెట్టుండ్రి.

గోదారి ఒడ్డు:
అట్లయితే సరే. గట్ నంబర్ల పట్టిక నేను రాస్త. అడ్డుకోత కొలతలు కూడ అడుగుత.

కౌలు చేను:
ఆ అర్జీల ఒక్కో గట్‌కు పట్టాదారు పక్కన కౌలుదారు పేరు పెడ్తరా?

సాత్‌బారా:
పంట నష్టం వరకు పెట్టొచ్చు. కౌలు కాయితం, విత్తనాల బిల్లులు ఉండాలె. నేల పోయిన పైసలల్ల వాటా అంటే పట్టాదారులు ఒప్పుకోరు.

కౌలు చేను:
మన దిక్కు కౌలుకు కాయితం రాసిచ్చే పట్టాదారు ఎంతమంది? ముందు వాళ్ళతోటి ఆ కాయితం రాయించుండ్రి, అప్పుడు నా గట్ నంబరు ఇస్త.